చచ్చిపోయిన బావురుపిల్లి ఎవరి డ్యూటీ అండి? మూడు శాఖలకి ఒక బహిరంగ లేఖ

అటవీ శాఖ, పశుసంవర్ధక శాఖ, వైద్య ఆరోగ్య శాఖ అధికారులందరికీ నమస్కారం అండి.

మాది పశ్చిమ గోదావరి జిల్లాలో కాలువ పక్కన ఊరు. ఊరి పేరు రాయట్లేదు, రాస్తే ఏ ఆఫీసో పోల్చేసుకుని చివరికి ఎవరో ఒక చిన్న ఉద్యోగి మీద పడతారు, నాకు కావాల్సింది అది కాదు. మా ఆయన మూడెకరాలు వరి చేస్తారు, నేను ఇంటి దగ్గరే ఉంటాను, ఇద్దరు పిల్లలు. ఈ లేఖ ముగ్గురికీ కలిపి ఎందుకు రాస్తున్నానంటే ఆ రోజు నేను ముగ్గురికీ విడివిడిగా ఫోన్ చేశాను కాబట్టి.

2025 ఫిబ్రవరి మీకు గుర్తుండే ఉంటుంది. తణుకు పక్కన వేల్పూరులో, పెరవలి దగ్గర కానూరులో కోళ్లఫారాల శాంపిల్స్ భోపాల్‌లో జంతువుల జబ్బులు పరీక్షించే ల్యాబ్‌కి పంపితే బర్డ్ ఫ్లూ అని తేలింది కదా. వారం పది రోజులు మా వైపు చికెన్ కొట్లు మూతపడ్డాయి, టీవీలో అదే, వాట్సాప్‌లో అదే. ఆ రోజుల్లోనే మా కాలువలో గోతాలు కొట్టుకొచ్చాయండి. లాకుల దగ్గర గుర్రపుడెక్కకి అడ్డుపడి ఆగిపోయినవి, మూతి కట్టిన యూరియా గోతాలు, ఉబ్బిపోయి, ఒకటి రెండు చిరిగి లోపల తెల్ల ఈకలు కనపడుతున్నాయి. ఎవరు పడేశారో తెలీదు, ఏ ఫారం నుంచి వచ్చాయో తెలీదు. మొదట కుక్కలు లాగాయి, తర్వాత కాకులు దిగాయి, రాత్రిళ్లు ఇంకేవో వచ్చి తినేవి, పొద్దున చూస్తే గట్టంతా ఈకలు.

ఆ రాత్రిళ్లు వచ్చే వాటిలో ఒకటి బావురుపిల్లి. మా చేలో దాన్ని మేం చాలాసార్లు చూశాం, మా మావయ్య గారికైతే దాని తల్లి కూడా తెలుసంటారు. ఇంటి పిల్లి కన్నా పెద్దది, కాళ్లు పొడుగు, ఒళ్లు ఎండిన గడ్డి రంగు, తోక కాస్త పొట్టిగా ఉండి చివర్న నల్ల పట్టీలు, చెవుల కొసన సన్నగా నల్ల వెంట్రుకలు. వరి కోసేటప్పుడు బోదె దాటి పుంతలోకి పరిగెత్తేది, మనిషిని చూస్తే క్షణం కూడా ఆగేది కాదు. అలాంటిది ఒక ఆదివారం పొద్దున పట్టపగలు గట్టు మీద కనపడిందండి, గుండ్రంగా తిరుగుతా, వెనక కాళ్లు తూలిపోతా, నోట్లోంచి తీగలాగా చొంగ కారుతా ఉంది. మనుషులు వస్తున్నా కదల్లేదు. కాసేపటికి పక్కకి ఒరిగి గిలగిల కొట్టుకుని చచ్చిపోయింది.

నాకు ఈ సంగతి తెలిసేసరికి పిల్లలు దాని తోక పట్టుకుని ఈడ్చుకొస్తున్నారు. వాళ్లల్లో మా పెద్దోడు కూడా ఉన్నాడు, తొమ్మిదేళ్లు. ముందు రోజే క్రికెట్ ఆడి అరచెయ్యి దోక్కుపోయింది, ఇంకా పచ్చిగానే ఉంది, ఆ చేత్తోనే పట్టుకున్నాడు. చెయ్యి తిప్పి చూస్తే పుండు మీద తడి. అది కాలువ నీళ్లో, దాని చొంగో నాకు ఇప్పటికీ తెలీదు. బోరింగ్ దగ్గరికి లాక్కెళ్లి సబ్బు పెట్టి పావుగంట సేపు కడిగాను, వాడు మండుతోందని ఏడుస్తా ఉంటే నేనూ ఏడుస్తానే కడిగాను. ఎప్పుడో అంగన్వాడీ మీటింగులో కుక్క కరిస్తే ఇలా కడగాలని చెప్పారు, అదొక్కటే గుర్తొచ్చింది నాకు.

తర్వాత ఫోన్లు. మొదటి ఆఫీసు వాళ్లు అది అడవి జంతువు, మా పరిధి కాదు అన్నారు. రెండో ఆఫీసు వాళ్లు, బతికుంటే వచ్చి పట్టుకునేవాళ్లం, చచ్చిపోయింది కాబట్టి పాతిపెట్టెయ్యండి, ఫొటో తీసి పంపండి అన్నారు. మూడో చోట ఫోన్ ఎత్తినావిడ చాలా మర్యాదగా మాట్లాడింది, బాబుకి జ్వరం ఉందా అమ్మా అని అడిగింది, లేదన్నాను, జ్వరం వస్తే తీసుకురండి అంది. ఎవరూ కసిరింది లేదు, ఎవరూ తిట్టింది లేదు. ఎవరి రూలు ప్రకారం వాళ్లు కరెక్టుగానే చెప్పారేమో కూడా. కానీ సాయంత్రానికి మా ఆయన, పక్కింటి బాబాయ్ గారు కలిసి చేతులకి పాలిథిన్ కవర్లు కట్టుకుని నడుములోతు గుంట తీసి సున్నం, బ్లీచింగ్ చల్లి దాన్ని పూడ్చేశారు. అది బర్డ్ ఫ్లూతో చచ్చిందా, రేబిస్‌తో చచ్చిందా, ఎవరైనా పెట్టిన ఎలకల మందు తిన్న ఎలకని తిని చచ్చిందా, ఏదీ తెలియకుండానే మట్టిలోకి పోయింది.

మా అబ్బాయిని మర్నాడు పీహెచ్‌సీకి తీసుకెళ్తే అక్కడి డాక్టర్ గారు విషయం మొత్తం విని, గాయానికి చొంగ తగిలి ఉండొచ్చు కాబట్టి అనుమానం మీద ఉండకూడదు అని రేబిస్ టీకా మొదలుపెట్టారు, మొదటి రోజు, 3వ రోజు, 7వ రోజు, 28వ రోజు. టీకాతో పాటు గాయం దగ్గర వేసే ఇమ్యునోగ్లోబులిన్ ఇంజెక్షన్ కోసం పెద్దాసుపత్రికి రాసిచ్చారు, అది కూడా దొరికింది. బర్డ్ ఫ్లూ అనుమానంతో పది రోజులు జ్వరం, దగ్గు వస్తాయేమో చూసుకోమన్నారు. ఆ పది రోజులు నేను వాడి పక్కనే పడుకుని రాత్రి మూడు నాలుగు సార్లు నుదురు తడిమి చూసేదాన్ని. వాడికి ఏం కాలేదండి, బాగున్నాడు. కానీ ఆ పిల్లి మెదడు ముక్క తీసి ఐసులో పెట్టి ఒక్క టెస్టు చేసి ఉంటే మాకు రెండు మూడు రోజుల్లో తెలిసిపోయేది. దాని తోక పట్టుకున్న మిగతా నలుగురు పిల్లల అమ్మలకి కూడా తెలిసేది. వాళ్లల్లో ఇద్దరు కూలి పోతుందని ఆసుపత్రికి రానేలేదు.

అప్పటి నుంచి దొరికింది దొరికినట్టు చదువుతున్నాను. నేను డిగ్రీ బీఎస్సీ బోటనీ, డాక్టర్ని కాదు, అందుకే ఖాయంగా అనిపించినవే ఇక్కడ రాస్తున్నాను.

ముందు అమెరికాలో జరిగింది చెప్తాను. అక్కడున్న మన వాళ్లందరూ ఫొటోలు పెట్టే గ్రాండ్ కేన్యన్ ఉంది కదా, ఆ పార్కులో ఎరిక్ యార్క్ అని అడవి జంతువుల మీద పనిచేసే ఆయన ఉండేవారు. అక్కడి ప్యూమాలకి, అంటే మన చిరుత అంత ఉండే అమెరికా అడవి పిల్లులకి, మెడలో రేడియో కాలర్లు కట్టి అవి ఎక్కడెక్కడ తిరుగుతున్నాయో చూడటం ఆయన పని. 2007 అక్టోబర్‌లో అలా కాలర్ కట్టిన ఒక ఆడ ప్యూమా కదలట్లేదని సిగ్నల్ వస్తే వెళ్లి చూశారు, చచ్చిపోయి ఉంది. దాన్ని మోసుకొచ్చి, ఎలా చచ్చిందో తెలుసుకుందామని తన ఇంటి గరాజ్‌లో కోశారు. కొద్ది రోజుల్లోనే జ్వరం, దగ్గు పట్టుకున్నాయి, క్లినిక్‌కి వెళ్తే ఫ్లూ లాంటిదేమో అనుకున్నారు. నవంబర్ 2న ఇంట్లో చనిపోయి కనపడ్డారు. 37 ఏళ్లు. ఆ ప్యూమాకి ప్లేగు ఉంది, కోసేటప్పుడు ఆయన ఊపిరితిత్తుల్లోకి వెళ్లిపోయింది. ఆయనతో తిరిగిన వాళ్లు దాదాపు 50 మందికి ముందు జాగ్రత్తగా యాంటిబయాటిక్స్ ఇచ్చారు. ప్లేగంటే మనకి 1994లో సూరత్ గుర్తొస్తుంది, అది ఎలకల జబ్బు, వాటి ఒంటి మీద గెంతుతూ ఉండే చిన్న పురుగులు కుట్టడంతో పాకుతుంది, ఆ ఎలకల్నీ ఉడతల్నీ తిన్న పిల్లికి వస్తుంది. మందు ఉన్న జబ్బే, టైముకి కనుక్కుంటే బతికేవారేమో. చూడండి, అంత చదువుకున్న మనిషి, అదే పని మీద ఉన్న మనిషి, మంచి ఉద్దేశంతో చేసిన పని. మరి మా ఊళ్లో పాలిథిన్ కవర్లు కట్టుకున్న వాళ్ల సంగతేంటి?

బర్డ్ ఫ్లూ విషయానికొస్తే, అది కోళ్ల జబ్బు అనే అందరం అనుకుంటాం. పిల్లి జాతికి కూడా అది ప్రాణం తీసే జబ్బే. 2004లో థాయిలాండ్‌లో శ్రీరాచా అనే చోట పులుల జూ ఒకటి, 441 పులులు ఉండేవి, వాటికి పచ్చి కోడిమాంసం పెట్టారు, ఆ కోళ్లలో జబ్బు ఉంది. చచ్చినవీ, చంపాల్సి వచ్చినవీ కలిపి 147 పులులు పోయాయి. కోడి నుంచి పులికి రావడమే కాదు, పులి నుంచి పులికి కూడా పాకి ఉండొచ్చని శాస్త్రవేత్తలు రాశారు. 20 ఏళ్ల తర్వాత 2024లో వియత్నాంలో మళ్లీ అదే, 47 పులులు, 3 సింహాలు, ఒక నల్ల చిరుత. అదే ఏడాది డిసెంబర్ చివర్లో మన పక్కనే నాగపూర్ గోరేవాడ రెస్క్యూ సెంటర్లో 3 పులులు, ఒక చిరుత చచ్చిపోతే భోపాల్ ల్యాబ్ రిపోర్టులో హెచ్5ఎన్1, అంటే ఈ బర్డ్ ఫ్లూనే అని వచ్చింది. నాగపూర్ రిపోర్టు వచ్చింది జనవరి మొదట్లో, మా కాలువలో గోతాలు వచ్చింది ఫిబ్రవరిలో. నెల రోజుల తేడా. పెద్దపులి బర్డ్ ఫ్లూతో చచ్చిందని జనవరిలో తెలిసినప్పుడు, ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో ఇన్ని కోళ్లు చస్తుంటే మన కాలువ గట్ల మీద తిరిగే బావురుపిల్లుల సంగతి ఒక్కరికైనా గుర్తు రావాలి కదండి.

మనుషులకి ఇది తేలిగ్గా రాదు, అది నిజం, భయపెట్టడానికి రాయట్లేదు. బాగా ఉడికించిన కూరలో వైరస్ బతకదు, మేం కూడా మళ్లీ చికెన్ తింటున్నాం. కానీ వస్తే మాత్రం చిన్న జబ్బు కాదు. 2003 నుంచి ప్రపంచం మొత్తం మీద వచ్చినట్టు లెక్కతేలిన వాళ్లలో దగ్గర దగ్గర సగం మంది చనిపోయారు. 2025 మార్చిలో పల్నాడు జిల్లా నరసరావుపేట నుంచి రెండేళ్ల పాప మంగళగిరి ఎయిమ్స్‌లో చనిపోయింది, తర్వాత పుణె ల్యాబ్‌లో బర్డ్ ఫ్లూ అని తేలింది. పచ్చి కోడిమాంసం ముక్క నోట్లో పెట్టుకుందని పేపర్లో రాశారు. ఆ వార్త చదివిన రోజు మా ఇంట్లో ఎవరికీ అన్నం సహించలేదు. పిల్లి నుంచి మనిషికి ఫ్లూ రావడం కూడా కట్టుకథ కాదు, 2016లో న్యూయార్క్‌లో పిల్లుల్ని ఉంచే షెల్టర్లో హెచ్7ఎన్2 అని వేరే రకం బర్డ్ ఫ్లూ వందల పిల్లులకి పాకింది, వాటికి వైద్యం చేసిన ఒక వెటర్నరీ డాక్టర్‌కి అంటుకుంది. ఆ డాక్టర్‌కి తేలిగ్గానే పోయింది, అవి ఇంటి పిల్లులు, ఒప్పుకుంటాను. అయితే వైరస్‌కి ఇంటి పిల్లి, అడవి పిల్లి అని తేడా ఉండదు కదా.

ఇక రేబిస్. ఇందులో అసలు దోషి కుక్కే, మన దేశంలో మనిషికి రేబిస్ వస్తే దాదాపు అంతా కుక్క కాటుతోనే వస్తుంది. కానీ ఆ కుక్క ఒక బావురుపిల్లిని కరిచినా, ఒక చిరుత ఆ కుక్కని పట్టుకుని తిన్నా జబ్బు అక్కడికి పోతుంది. ఊళ్ల పక్కన తిరిగే చిరుతల తిండిలో ఊరకుక్కలు కూడా బాగానే ఉంటాయి. 2024 సెప్టెంబర్‌లో రాజమండ్రి దగ్గర దివాన్‌చెరువు వైపు, తర్వాత కడియం నర్సరీల్లో చిరుత తిరిగినప్పుడు అటవీ శాఖ వాళ్లు రాత్రింబవళ్లు బోన్లు పెట్టుకుని, కెమెరాలు కట్టుకుని ఎంత కష్టపడ్డారో మేం టీవీలో చూశాం. 2023లో అలిపిరి నడకదారిలో కూడా అంతే. ఆ బోన్లు మోసేవాళ్లు, మత్తు ఇచ్చిన జంతువు నోరు తెరిచి చూసేవాళ్లు, నల్లమలలో పులి అడుగులు చూసుకుంటూ తిరిగే చెంచు వాచర్లు, వీళ్లలో ఎంతమందికి ముందుగానే వేసే రేబిస్ టీకా వేయించారు? ఈ ప్రశ్న అటవీ శాఖని తప్పు పట్టడానికి అడగట్లేదు. బోను మోసేవాడు కూడా ఒక అమ్మ కొడుకే, నేను పది రాత్రులు పడిన భయం వాళ్లమ్మకి రాకూడదని అడుగుతున్నాను.

ఆడవాళ్లకి తెలిసిన సంగతి ఇంకోటి. కడుపుతో ఉన్నప్పుడు డాక్టర్లు టార్చ్ టెస్ట్ అని రాస్తారు చూడండి, ముఖ్యంగా ముందు ఒకటి రెండు పోయిన వాళ్లకి. మా ఆడపడుచుకి రాశారు. అందులో మొదటి అక్షరం టాక్సోప్లాస్మా. ఈ పరాన్నజీవి కోళ్లలో, మేకల్లో, మనుషుల్లో ఎక్కడైనా ఉండగలదు గానీ గుడ్లలాంటివి తయారయ్యి బయటికి వచ్చేది మాత్రం ఒక్క పిల్లి జాతి పేగుల్లోంచే. ఇంటి పిల్లి అయినా, బావురుపిల్లి అయినా, పులి అయినా సరే. పెంటలో పడ్డాక ఒకటి నుంచి ఐదు రోజుల్లో అంటుకునే స్థితికి వస్తాయి, తడి మట్టిలో ఏడాది పైన కూడా బతుకుతాయి, నీళ్లలో వేసే క్లోరిన్‌కి చావవు. 1995లో కెనడాలో విక్టోరియా అనే ఊళ్లో జనానికి ఒక్కసారిగా ఈ జబ్బు వచ్చింది, వెతికితే ఊరికి నీళ్లిచ్చే రిజర్వాయర్ దగ్గర తేలింది, దాని చుట్టూ ఉన్న అడవిలో తిరిగే ప్యూమాలు, పిల్లుల పెంట వాన నీళ్లతో కొట్టుకొచ్చి కలిసిందని అనుమానించారు. ఎక్కువమందికి ఇది వచ్చినట్టు కూడా తెలీదు, మామూలు జ్వరంలా పోతుంది. కడుపులో బిడ్డకి వస్తే మాత్రం కళ్లు పోవచ్చు, మెదడు దెబ్బతినొచ్చు, కడుపే నిలవకపోవచ్చు. మేం ఊళ్లో చెరువు నీళ్లు ఫిల్టర్ చేసుకుని తాగుతాం, నాట్లకి కడుపుతో ఉన్నవాళ్లు కూడా బురదలో దిగుతారు, ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుంటారు గానీ గోళ్లలో మట్టి ఎవరు చూసుకుంటారండి. నీళ్లు కాచి తాగాలి, కూరగాయలు బాగా కడగాలి, మాంసం ఉడకాలి, మట్టి పని చేశాక చేతులు సబ్బుతో కడగాలి, ఇంతే, ఖర్చు లేని పనులు, ఏఎన్‌ఎం గారు ఒక్క నిమిషం చెప్తే చాలు. నా రెండు కాన్పుల్లో నాకు ఒక్కరూ చెప్పలేదు.

ఇదంతా చదివాక మీలో ఎవరికైనా, లేదా ఈ లేఖ చదివే మా వైపు వాళ్లకి ఎవరికైనా, అయితే ఈ బావురుపిల్లుల్ని లేపేస్తే పోలా అనిపిస్తే, దయచేసి ఆ ఆలోచన మానుకోండి. మా ఊళ్లో ఆ వారమే ఇద్దరు కుర్రాళ్లు ఉచ్చులు పెట్టడానికి బయల్దేరారు, మా మావయ్య గారు ఆపారు. ఆయన చెప్పింది ఒక్కటే, ఎలక బుట్టలు పెట్టేవాళ్లకి బుట్టకి ఇంతని డబ్బులిచ్చి పట్టిస్తున్నాం, ఇది ఊరికే పడుతోంది కదరా, దీన్ని చంపి మళ్లీ ఎలకలకి డబ్బులు కడతారా అని. ఎలకలు పెరిగితే గింజలు పోవడమే కాదు, ఎలుక జ్వరం ఉంది, అంటే లెప్టోస్పైరోసిస్, ఎలక ఉచ్చ కలిసిన నీళ్లలో కాళ్లకి పగుళ్లతో దిగితే వస్తుంది. పైగా వన్యప్రాణి చట్టం 1972 ప్రకారం చంపడం నేరం, అది మీకు నేను చెప్పక్కర్లేదు. కోరంగి మడ అడవుల్లో చేపలు పట్టుకుని తినే నీటిపిల్లులు ఉన్నాయి, కాకినాడ వెళ్లినప్పుడు పిల్లలకి వాటి బోర్డు చూపించాను. ఇప్పటికే మడ చెట్లు పోయి, చేపలు, రొయ్యల చెరువులు పెరిగి వాటికి చోటు తగ్గిపోయింది, ఇప్పుడు జబ్బు పేరు కూడా తగిలిస్తే ఇక మిగలవు.

ఇంకా చెప్పాలంటే జబ్బు అటు నుంచి ఇటు వచ్చిన దానికన్నా ఇటు నుంచి అటు పోయిందే ఎక్కువ కనపడుతోంది నాకు. 2021లో హైదరాబాద్ జూలో 8 సింహాలకి కరోనా వచ్చింది, హైదరాబాద్‌లోనే ఉన్న సీసీఎంబీ పరిశోధన సంస్థ వాళ్లు టెస్ట్ చేసి చెప్పారు, వాటికి ఎవరు అంటించి ఉంటారు, మనుషులే కదా. 2018లో గిర్‌లో 20కి పైగా సింహాలు చచ్చిపోయాయి, కెనైన్ డిస్టెంపర్, పేరులోనే ఉంది అది కుక్కల జబ్బని, మనుషులకి రాదు గానీ ఊరకుక్కలు అడవిలోకి వెళ్తే ఏమవుతుందో చెప్పింది. మా కాలువలో ఆ బావురుపిల్లి తిన్న కోడి కూడా అంతే. అడవిలోంచి జబ్బు మోసుకుని మా ఊరికి అది రాలేదు, మా ఊరివాళ్లం పారేసిన గోతాం దగ్గరికి అది వచ్చింది.

అందుకే ముందు ఆ గోతాం సంగతి చూడండి. చచ్చిన కోళ్లని కాలువలో వెయ్యడం తప్పని ఆ రైతుకి తెలియక కాదు. మందలో జబ్బు తేలాక అధికారులొచ్చి చంపిన కోళ్లకి పరిహారం ఇస్తారు, అప్పటికే చచ్చిపోయిన వాటికి ఇవ్వరు. అలాంటప్పుడు మొదటి రోజు పది కోళ్లు చచ్చినప్పుడే ఫోన్ చెయ్యడానికి ఎవరికి ధైర్యం వస్తుంది, ఫారం మొత్తం పోతుందని భయం, బ్యాంకు వాడు గుర్తొస్తాడు, రాత్రికి రాత్రి గోతాల్లో కట్టేస్తాడు. మా చిన్నాన్న గారి అబ్బాయికి ఫారం ఉండేది, అప్పుల బాధ ఏంటో మాకు తెలుసు. ముందుగా చెప్పిన వాళ్లకి చచ్చిన కోళ్లకి కూడా ఎంతో కొంత ఇవ్వండి, ప్రతి ఫారంలో లోతైన గుంట, సున్నం ముందే సిద్ధంగా ఉండాలని లైసెన్స్ దగ్గరే చూడండి, ఆ గుంట మీద రేకు మూత ఉండాలి, లేకపోతే కుక్కలు, పిల్లులు తవ్వుకుంటాయి. కాలువలో గోతాం కనపడితే ఎవరు తీస్తారో కూడా తేల్చండి, ఆ రోజు లాకుల దగ్గర వారం పాటు అలాగే ఉన్నాయి.

రెండోది, నా లేఖ మొత్తానికి అసలు సంగతి, ఒక నంబర్. మనిషికి బాలేకపోతే 108, గేదెకి బాలేకపోతే 1962, ఈ రెండూ మా ఊళ్లో చిన్నపిల్లలకి కూడా నోటికొచ్చు. చచ్చిపోయిన అడవి జంతువు కనపడితే ఎవరికి చెయ్యాలో మా ఊళ్లో ఒక్కరికీ తెలీదు. కొత్త నంబర్ అక్కర్లేదు, ఉన్న 1962కే చెయ్యమనండి, వాళ్లే అటవీ శాఖకి, ఆసుపత్రికి చెప్పుకునేలా ఏర్పాటు చెయ్యండి, మీరు ముగ్గురూ ఒకరితో ఒకరు మాట్లాడుకోండి, మమ్మల్ని ముగ్గురి మధ్య తిప్పకండి. మా రైతు సేవా కేంద్రంలో పశుసంవర్ధక సహాయకుడు ఉన్నాడు, కుర్రాడు, చురుకైనవాడు, కోళ్ల గొంతులోంచి శాంపిల్ తియ్యడం వచ్చు, ఆ అబ్బాయికి మందపాటి గ్లవ్స్, మంచి మాస్కు, కళ్లద్దాలు, ఒక ఐసు పెట్టె ఇచ్చి, అడవి జంతువుని ఎలా ముట్టుకోవాలో, ఎలా ప్యాక్ చెయ్యాలో రెండు రోజుల ట్రైనింగ్ ఇస్తే సరిపోతుంది. కళేబరాన్ని కొయ్యడం మాత్రం అతనితో వద్దు, అది వెటర్నరీ డాక్టర్లే కాలేజీలో చెయ్యాలి, గన్నవరం వెటర్నరీ కాలేజీ మాకు దగ్గరే. వేసవిలో మా వైపు కళేబరం ఒక్క పూటలో కుళ్లిపోతుంది, రెండో రోజు వస్తే టెస్టుకి పనికిరాదు, కాబట్టి వచ్చేది ఆ పూటే రావాలి. రిపోర్టు వచ్చాక అది మీ ఫైల్లో ఉండిపోకూడదు, ఆ జంతువుని ముట్టుకున్న ఇంటికి ఫోన్ రావాలి. కేంద్రం నేషనల్ వన్ హెల్త్ మిషన్ అని పెట్టింది, మనుషుల జబ్బులు, జంతువుల జబ్బులు కలిపి చూడాలని. మంచి మాట. అది ఢిల్లీ మీటింగుల్లో కాకుండా మా లాకుల దగ్గర కనపడితే సంతోషిస్తాం.

వరికోతలప్పుడు, చెరకు నరికేటప్పుడు దొరికే బావురుపిల్లి కూనల సంగతి కూడా మర్చిపోవద్దండి. ప్రతి ఏడాదీ ఎక్కడో ఒకచోట కోత మిషన్ ముందు రెండు మూడు చారల కూనలు కనపడతాయి, చిరుతపులి పిల్లలు దొరికాయని ఊరంతా వచ్చేస్తారు, ఒళ్లో పెట్టుకుని సెల్ఫీలు, పాలసీసాతో పాలు, పిల్లలు ముద్దులు పెట్టుకోవడం. తర్వాత అవి బావురుపిల్లి కూనలని తెలుస్తుంది. అవి గీరతాయి, కొరుకుతాయి, వాటి ఒంటి మీద గోమార్లు ఉంటాయి. తల్లి దగ్గర్లోనే ఉంటుంది, మనుషులు పోతే రాత్రికి వచ్చి నోట కరుచుకుని తీసుకెళ్తుంది. ఆ నాలుగు గజాలు కొయ్యకుండా వదిలేసి మర్నాడు కొయ్యండి అని కోత మిషన్ల వాళ్లకి ఒక్క మాట చెప్పిస్తే అటు కూనలూ బతుకుతాయి, ఇటు మన పిల్లలకీ ఏ ఇంజెక్షన్లూ అక్కర్లేదు. నా మరిది పోయినేడు అలాంటి కూనని ఇంటికి తెచ్చాడు, రెండో రోజుకే చచ్చిపోయింది, పాపం పాలు కూడా సరిగ్గా తాగలేదు.

ఇది రాసేసరికి మళ్లీ చలికాలం వచ్చేసింది. కొల్లేరుకి వలస పక్షులు దిగాయి, పొద్దున్నే మా చేల మీంచి బారులు తీరి వెళ్తున్నాయి. మొన్న మా పెద్దోడు స్కూల్ నుంచి వచ్చి, అమ్మా, గట్టు మీద పెద్ద పిల్లి అడుగులున్నాయి, గోళ్ల గుర్తులు లేవు, నేను ముట్టుకోలేదు, దూరం నుంచే చూశాను అన్నాడు. వెళ్లి చూశాను, బోదె పక్కన తడి మట్టిలో నాలుగు అడుగులు స్పష్టంగా ఉన్నాయి, పోయినసారి దాన్ని పాతిపెట్టిన చోటుకి యాభై గజాలు ఉంటుందేమో. ఇంకో బావురుపిల్లి వచ్చింది మా చేలోకి. కాలువలో ప్రస్తుతానికి గోతాలేం లేవు, రోజూ లాకుల దాకా వెళ్లి చూసి వస్తున్నాను.

ఏ నంబర్‌కి చెయ్యాలో మీరు ముగ్గురూ కూర్చుని తేల్చి చెప్పండి. మా సచివాలయం గోడ మీద, లాకుల దిమ్మ మీద పెద్ద అక్షరాలతో రాయించే పని మాది, పెయింట్ డబ్బులు కూడా మా డ్వాక్రా గ్రూపు పెట్టుకుంటుంది.

ఇట్లు,
కాలువ గట్టు ఊరి నుంచి ఒక రైతు భార్య, ఇద్దరు పిల్లల తల్లి